రాత్రి తొమ్మిదింటికి థర్మాకోల్ కొనడం యాక్టివిటీ కాదు

ఒకటో క్లాసు, రెండో క్లాసు పిల్లల పేరెంట్స్ గ్రూపుల్లో ఉన్నవాళ్లకి ఈ మెసేజ్ గురించి ప్రత్యేకంగా చెప్పక్కర్లేదు. సాయంత్రం ఏడు దాటాక వస్తుంది. "డియర్ పేరెంట్స్, రేపు యాక్టివిటీ ఉంది, పిల్లలతో ఫామ్‌హౌస్ మోడల్ పంపించండి." ఇక చూడండి, హైదరాబాద్‌లో ఉప్పల్ నుంచి మియాపూర్ దాకా ఏ కాలనీలో అయినా స్టేషనరీ షాపు ముందు జనమే. మెడలో ఆఫీసు ట్యాగు తీయకుండానే వచ్చిన నాన్నలు, స్టవ్ మీద కూర వదిలేసి వచ్చిన అమ్మలు. షాపతను "ఏ స్కూల్ మేడమ్?" అని ఒక్క మాట అడుగుతాడు. పేరు చెప్తే చాలు, ఏం కావాలో మనం చెప్పే పని లేదు, ఆయనే తీసి ఇస్తాడు. పిల్ల ఎనిమిదిన్నరకే నిద్రపోతుంది. అమ్మ పదకొండింటి దాకా ఫెవికాల్‌తో గడ్డి అతికిస్తూ కూర్చుంటుంది. పొద్దున ఆ ఫామ్‌హౌస్ ఆటోలో విరక్కుండా స్కూలుకి చేరితే అదృష్టం, క్లాసులో పిల్లని దాని పక్కన నిలబెట్టి ఫోటో తీస్తారు, "చేస్తూ నేర్చుకుంటున్నాం" అని స్కూల్ పేజీలో పెడతారు.

చేసింది ఎవరు? నేర్చుకున్నది ఎవరు?

నాకు యాక్టివిటీలంటే కోపం అని ఎవరూ అనుకోవద్దు. నా బాధంతా దానికి రివర్స్. ఆరేళ్ల, ఏడేళ్ల పిల్లలకి చేతితో చేసేదే పాఠం, అది లేకుండా పుస్తకంలో పేజీలు నింపితే లోపలికి వెళ్లేది చాలా తక్కువ. అంత విలువైన విషయాన్ని శుక్రవారం చివరి పీరియడ్‌కి, ఎల్లో డేకి, ఫాన్సీ డ్రెస్‌కి, ఫోటోకి కుదించేశారు. మిగతా నాలుగున్నర రోజులూ కాపీ రైటింగే. బోర్డు మీద టీచర్ రాస్తారు, పిల్లలు చూసి దించుతారు, నోట్‌బుక్ నీట్‌గా ఉంటే స్టార్.

నేను చూసింది ఒకటి చెప్తాను. మా పాప రెండో క్లాసు. ముప్పై రెండులోంచి పదిహేడు తీసేయమంటే జవాబు 25 అని రాసింది. ఎలా వచ్చిందంటే, ఏడులోంచి రెండు పోతే ఐదు, మూడులోంచి ఒకటి పోతే రెండు. చిన్నది పెద్దదాంట్లోంచి తీసెయ్యాలి, అంతే, కింద ఉందా పైన ఉందా అనేది తనకి సమస్యే కాదు. క్లాసులో నలభై మంది ఉంటే అందులో చాలామంది ఇదే తప్పు చేస్తారని ఏ ప్రైమరీ టీచర్‌ని అడిగినా చెప్తారు. దీనికి స్కూల్లో ఇచ్చిన మందు ఏంటంటే, "పక్కింటి నుంచి ఒకటి అప్పు తెచ్చుకో". పక్కింట్లో ఒకటిగా ఉన్నది ఈ ఇంటికి వచ్చేసరికి పది ఎలా అయిందని పిల్లలు అడగరు, అడిగే టైమూ ఇవ్వరు. మీద చిన్న ఒకటి రాయి, కొట్టెయ్యి, తీసెయ్యి. పది లెక్కలు హోంవర్క్.

ఆ రోజు మా వదిన ఇంటికి వచ్చి ఉంది. తను మేడ్చల్ వైపు ఒక సర్కారు ప్రైమరీ స్కూల్లో టీచర్. నోట్‌బుక్ చూసి ఏమీ అనలేదు, ఐస్‌క్రీం పుల్లలు ఉన్నాయా అని అడిగింది. పది పుల్లలకో రబ్బరు బ్యాండు వేయించింది, వేసింది కూడా మా పాపే, లెక్కపెట్టిందీ తనే. మూడు కట్టలు, రెండు విడి పుల్లలు ముందు పెట్టుకుని కూర్చుంది. "అత్తకి పదిహేడు పుల్లలు ఇవ్వు" అంది వదిన. పాప ఒక కట్ట ఇచ్చింది. రెండు విడి పుల్లలూ ఇచ్చింది. ఇంకా ఐదు కావాలి. చేతిలో విడివి లేవు. కట్టల వైపు చూసింది, వదిన వైపు చూసింది, వదిన ఏమీ మాట్లాడలేదు. చాలాసేపు అలాగే కూర్చుంది. పక్కనున్న నాకే నోరు ఆగడం కష్టమైంది. అప్పుడు అడిగింది, "అత్తా, రబ్బరు తీసెయ్యచ్చా?"

అప్పు తెచ్చుకోవడం అనే పాఠం మొత్తం ఆ ప్రశ్నలోనే ఉంది. రబ్బరు తీసింది, పది విడి పుల్లలు వచ్చాయి, అందులోంచి ఐదు ఇచ్చింది. తన దగ్గర ఒక కట్ట, ఐదు పుల్లలు మిగిలాయి. పదిహేను. ఎవరూ చెప్పకుండానే నోట్‌బుక్‌లో 25 కొట్టేసింది. ఆ తర్వాత వదిన అవే పుల్లలతో ఇంకో నాలుగు లెక్కలు చేయించి, చివరి రెండూ పుల్లలు లేకుండా కాగితం మీద చేయించింది. ఈ ఆఖరి మెట్టు ముఖ్యం. పుల్లలతో ఆగిపోకూడదు, పుల్లల దగ్గర మొదలవ్వాలి.

థర్మాకోల్ ఫామ్‌హౌస్‌కీ దీనికీ ఎంత తేడా ఉందో చూడండి. ఇక్కడ ఫోటో తీయడానికి ఏమీ లేదు. నేల మీద చెల్లాచెదురుగా పుల్లలు, అంతే. ఖర్చూ లేదు. కావలసిందల్లా పిల్ల ఆలోచిస్తున్నప్పుడు నోరు మూసుకుని ఆగగలిగే పెద్ద మనిషి.

వదిన వాళ్ల బడిలో చింతగింజలు వాడతారు. ఓనగుంటలు ఆడిస్తుంది, పద్నాలుగు గుంటల్లో ఒక్కో గింజ వేసుకుంటూ పోతుంటే చేతికీ లెక్కకీ జత కుదురుతుంది, రెండు అనేలోపు మూడు గింజలు పడేసే ఒకటో తరగతి పిల్లవాడు కూడా నాలుగు ఆటలకి దారిలో పడతాడట. అష్టాచెమ్మాలో గవ్వలు వేసి గడులు ముందుకు లెక్కపెట్టుకోవడం కూడికే కదా. మన అమ్మమ్మలు అరుగుల మీద ఆడిన ఆటలివి. ఇవాళ నగరంలో ఇవే రంగు డబ్బాలో పెట్టి, ఇంగ్లీషు పేరు తగిలించి, మ్యాథ్స్ కిట్ అని ఫీజులో కలిపితే మురిసిపోతున్నాం.

ఇవన్నీ నేను సొంతంగా కోరుకుంటున్న గొంతెమ్మ కోరికలు కావు. 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న విద్యాహక్కు చట్టంలో 29వ సెక్షన్ తీసి చదవండి, పిల్లలు పనులు చేస్తూ, వెతుక్కుంటూ, కనుక్కుంటూ నేర్చుకోవాలని, భయం, ఆందోళన లేకుండా నేర్చుకోవాలని స్పష్టంగా ఉంది. 2020 జాతీయ విద్యావిధానం మూడేళ్ల నుంచి ఎనిమిదేళ్ల దాకా ఒకటే దశ అంది, అంటే నర్సరీ నుంచి రెండో క్లాసు వరకు ఆటపాటలతోనే సాగాలని. మన తెలంగాణ రాష్ట్రం 2022లో సర్కారు బడుల్లో తొలిమెట్టు అనే కార్యక్రమం మొదలుపెట్టింది కూడా చదవడం, రాయడం, లెక్కలు పునాదిలోనే గట్టిపడాలనే. ఒకటి, రెండు తరగతులకి, దేశానికంతా పాఠ్యపుస్తకాలు తయారుచేసే కేంద్ర సంస్థ ఎన్‌సీఈఆర్‌టీ చెప్పేది భాష, గణితం, ఈ రెండే. మరి మన ప్రైవేటు స్కూళ్ల జూన్ నెల పుస్తకాల కట్టలో జీకే ఏంటి, కంప్యూటర్ ఏంటి, మోరల్ సైన్స్ ఏంటి, వాటన్నిటికీ మళ్లీ విడిగా వర్క్‌బుక్‌లేంటి? రెండో తరగతి దాకా హోంవర్క్ వద్దని 2020 స్కూల్ బ్యాగ్ పాలసీ చెప్పింది. ఒకటి, రెండు తరగతుల బ్యాగు కిలోన్నర దాటకూడదని 2017లోనే మన రాష్ట్ర ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది. ఒకసారి మీ పిల్లల బ్యాగు కూరగాయల బండి అతని కాటా మీద పెట్టి చూడండి.

రాత విషయంలో నాకు ఇంకా కోపం. నాలుగేళ్లకే కర్సివ్, అంటే ఇంగ్లీషు అక్షరాలు కలిపి రాయడం, రాయిస్తున్నారు. మణికట్టులో ఎనిమిది చిన్న ఎముకలుంటాయి, పుట్టినప్పుడు అవి మెత్తటి మృదులాస్థే, ఒక్కొక్కటిగా గట్టిపడుతూ రావడానికి ఏళ్లు పడుతుంది, ప్రైమరీ స్కూల్ అయిపోయే వయసుకి కూడా ఆఖరిది గట్టిపడుతూనే ఉంటుంది. వేళ్ల కండరాల సంగతీ అంతే. అవి బలపడాలంటే పిండి పిసకాలి, కాగితాలు చింపాలి, పూసలు గుచ్చాలి, మట్టిలో ఆడాలి, బట్టలకి క్లిప్పులు పెట్టాలి. వంటింట్లో చపాతీ పిండి ముద్ద ఇస్తే పిల్లలు చేసేది అచ్చంగా ఈ పనే. దాన్ని మానిపించి నాలుగు గీతల కాపీలో పేజీలకి పేజీలు రాయిస్తే చెయ్యి నొప్పి పుట్టి, పెన్సిల్ గట్టిగా నొక్కి పట్టుకోవడం అలవాటై, ఇక రాతంటేనే విసుగు పుడుతుంది. అప్పుడు మనమే హ్యాండ్‌రైటింగ్ క్లాసుకి డబ్బు కడతాం.

ఇక తెలుగు. 2018 చట్టంతో ఒకటి నుంచి పది దాకా తెలుగు తప్పనిసరి అయింది, మంచిదే. కానీ నేర్పుతున్న తీరు చూస్తే పిల్లల చేత క గుణింతం, గ గుణింతం ఐదేసిసార్లు రాయిస్తారు, ప్రశ్న జవాబులు బట్టీ పెట్టిస్తారు. అదే పిల్లల్ని బస్టాప్‌లో నిలబెట్టి, వచ్చే సిటీ బస్సు బోర్డు మీద 'కోఠి' అని చదవమంటే నీళ్లు నములుతారు. ఇంటి నుంచి స్కూల్ దాకా దారి పొడవునా టీ కొట్టు, టైలర్, చికెన్ సెంటర్, మందుల షాపు బోర్డులే, పైసా ఖర్చు లేని వాచకం. క్లాసులో పిల్లలు తాము చూసిన ఒక్కో బోర్డు గుర్తుపెట్టుకుని వచ్చి రాయాలి, పక్కవాళ్లు చదవాలి, ఒత్తు తప్పు పోతే వాళ్లలో వాళ్లే దిద్దుకోవాలి. ఇది యాక్టివిటీ. బతుకమ్మ పండుగ వస్తే మన స్కూళ్లు లంగా ఓణీల్లో ఫోటోలు దించి ఊరుకుంటాయి. తంగేడు, గునుగు, బంతి పూలు తెచ్చి క్లాసు మధ్యలో పోసి, "మీరే పేర్చండి" అని వదిలేస్తే ఎంత పాఠం! రంగులవారీగా వేరు చేయాలి, కాడలు ఒకే పొడుగు తుంచాలి, కింది వరస పెద్దది, పై వరస చిన్నది, ఒక వరస తర్వాత ఏ పువ్వు రావాలో ముందే అనుకోవాలి. వంకరగా వస్తుంది. రానివ్వండి. దాన్నే మధ్యలో పెట్టి ఆడండి.

ఇక్కడే అసలు చిక్కు ఉంది. వంకరగా వచ్చినదాన్ని గోడకి పెట్టడానికి స్కూళ్లు సిద్ధంగా లేవు, చూడడానికి పేరెంట్స్ సిద్ధంగా లేరు. మా బిల్డింగులో ఉండే ఒక అమ్మాయి ఒక ప్రైవేటు స్కూల్లో ఒకటో క్లాసు టీచర్. పిల్లలతో పేపర్ బొమ్మలు చేయిస్తే, అవి బాగాలేవని పైవాళ్లు అంటే, సాయంత్రం ఆగి అన్నీ తనే మళ్లీ చేసి గోడకి అతికించిందట. "రోజుకి ఇన్ని ఫోటోలు యాప్‌లో పెట్టాలక్కా, నోట్స్ కరెక్షన్ అయిపోవాలి, సిలబస్ ఎక్కడిదాకా వచ్చిందో శనివారం చెప్పాలి, ఇక పిల్లల దగ్గర కూర్చునేది ఎప్పుడు?" అంది. ఆమె మీద నాకు కోపం లేదు. ప్రైమరీలో ముప్పై మందికి ఒక టీచర్ ఉండాలని విద్యాహక్కు చట్టం అంటుంది, ఆమె క్లాసులో నలభై దాటి ఉన్నారు. సర్కారు బడిలో మా వదినది ఇంకో రకం కష్టం, ఐదు తరగతులకీ కలిపి ఉండేది ఇద్దరు టీచర్లే, ఒక తరగతికి గింజలిచ్చి కూర్చోబెట్టి ఇంకో తరగతికి పాఠం చెప్తుంది.

"ఆటలాడుతూ కూర్చుంటే మూడో క్లాసుకి వెనకబడిపోరా" అని అడిగేవాళ్లు చాలామంది. ఎక్కాలు బట్టీ పట్టొద్దని నేను అనడం లేదు. పట్టాలి, రాగం తీసి మరీ చదవాలి, కాని మూడు నాలుగులు అంటే గింజలు మూడేసి నాలుగు కుప్పలు అని కళ్లతో చూశాక పట్టాలి. వెనకబడడం గురించి అంటే, పల్లె పిల్లలకి చదవడం, లెక్కలు ఎంతవరకు వచ్చో ఇళ్లకి వెళ్లి చూసే అసర్ సర్వేలో, 2022లో మన దేశంలో పల్లెల్లో మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవాళ్లు 20.5 శాతం, 2024కి అది 27.1 అయింది. అది గ్రామాల సర్వే, మన సిటీ పిల్లలకి సంబంధం లేదు అనుకోవద్దు. నోట్‌బుక్ నిండా రాసి ఉండి, అందులో ఉన్నది చదవలేని పిల్లలు మన అపార్ట్‌మెంట్లలోనూ ఉన్నారు. పేజీలు నిండడం, పిల్లకి రావడం వేరు వేరు సంగతులు.

ఈ శనివారం మా స్కూల్లో పేరెంట్ టీచర్ మీటింగ్. నేను మూడు ముక్కలు కాగితం మీద రాసుకుని వెళ్తున్నాను. ఇంటికి మోడల్స్, చార్టులు పంపొద్దు, ఏం చేసినా క్లాసులో పిల్లలే చేయాలి, ఎలా వస్తే అలా. ప్రతి క్లాసులో ఒక పెట్టె నిండా పుల్లలు, గింజలు, రబ్బరు బ్యాండ్లు ఉండాలి, లెక్కల పీరియడ్ అంటే ఆ పెట్టె తెరవాలి, కావాలంటే పెట్టె మేమే కొనిస్తాం. టీచర్లకి ఫోటోల డ్యూటీ తీసేయాలి, మా పిల్లల ఫోటో రోజూ యాప్‌లో రాకపోతే మేమేం ఫిర్యాదు చేయం అని అక్కడే సంతకం పెట్టి ఇస్తాం. మా సెక్షన్‌లో ఇప్పటికి కొంతమంది సరే అన్నారు, ఇంకొంతమంది ఆలోచిస్తాం అన్నారు. రెండో క్లాసు మిగతా సెక్షన్ల వాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే పదింటికల్లా గేటు దగ్గరికి రండి, లోపలికి కలిసే వెళ్దాం.