కొత్త రచన మొదలవగానే టీలా?

మొన్న మా విజయనగరంలో ఒక వయొలిన్ బృంద కచేరీకి వెళ్లాను. త్యాగరాజ కృతులు, దీక్షితార్ కృతి, అన్నీ హాల్లో అందరికీ నోటికొచ్చినవే. మంగళానికి ముందు మన ఊరి గుంటడొకడు కట్టిన కొత్త రచన. మైకులో "ఇప్పుడొక చిన్న ప్రయోగం" అన్నారు. అంతే, సగం హాలు టీలకి లేచిపోయింది. సరిగ్గా అదే టైముకి టీలు పెట్టించింది నిర్వాహకులే!

లేచినవాళ్ల మీద నాకు కోపం లేదు. ప్రయోగం అని భయపెడితే ఎవరు కూర్చుంటారు?

పాశ్చాత్య సంగీతం వాయించే సింఫనీ ఆర్కెస్ట్రాల వాళ్లు ఈ విషయంలో మహా గడుసువాళ్లు. బీథోవెన్ ఐదో సింఫనీని ఇంటర్వెల్ తర్వాతకి దాచి, కొత్త రచనని ముందు సగంలో పెడతారు. బీథోవెన్ కోసం టికెట్ కొన్నవాడు చచ్చినట్టు కొత్తదీ వింటాడు. కొందరు దీన్ని మోసం అంటారు. ఇంతకన్నా మంచి మోసం నాకు తెలీదు.

అలాగని అక్కడంతా సవ్యంగా ఉందనుకోకండి. ఐదో సింఫనీ వాళ్ల చేతులకి ఏనాడో అలవాటైపోయింది. ఉన్న కాసిని రిహార్సల్స్ చాలక దెబ్బ తినేది కొత్త రచనే. నిజానికి ఐదో సింఫనీ పుట్టిన రోజూ అంతే. 1808 డిసెంబర్ 22, వియన్నా, గడ్డకట్టే చలిలో నాలుగు గంటల కచేరీ. ఐదు, ఆరు సింఫనీలు రెండూ ఆ ఒక్క రాత్రే తొలిసారి జనం ముందుకొచ్చాయి. చివరి అంశం సాధన చాలక మధ్యలో గాడి తప్పితే బీథోవెనే ఆపించి మళ్లీ మొదలెట్టించాడు.

అదే ఊళ్లో 1918లో షోన్‌బెర్గ్ అనే స్వరకర్త కొత్త సంగీతం కోసం ఒక సంఘం పెట్టాడు. బాగా సాధన చేశాకే కొత్త రచన వినిపించాలి, ఒకసారితో వదలకుండా మళ్లీ మళ్లీ వినిపించాలి, చప్పట్లు కొట్టకూడదు, పత్రికల విమర్శకులు రాకూడదు. చప్పట్లు వద్దనడం అతి (మనవాళ్లని తలూపకుండా ఆపగలమా!). మళ్లీ వినిపించడం మాత్రం మనం ఎత్తుకొచ్చుకోవలసిందే.

"సంగీత కళాశాల ఉన్న ఊరు, సంప్రదాయం చెడగొట్టకండి" అన్నారొక పెద్దాయన. బాబూ, 1919లో ఆ కళాశాలకి మొదటి ప్రిన్సిపాల్ ఆదిభట్ల నారాయణదాసు గారు. తొంభై రాగాల్లో ఒకే రచన కూర్చిన మనిషి! ద్వారం వెంకటస్వామి నాయుడు గారు పక్కవాద్యంగా ఉన్న ఫిడేలుని సోలో కచేరీకి ఎక్కించారు. మరి ఆ రోజుల్లో ఇలాగే టీలకి లేచుంటే?

2025 మార్చి 8న లండన్‌లో ఇళయరాజా గారి సింఫనీ వాయిస్తే మన వాట్సాప్ గ్రూపుల నిండా దండాలే. మన వీధి కుర్రాడికి పావుగంట ఇవ్వడానికి మాత్రం మనసు రాదు.

ఆ రచన గొప్పదని నేననడం లేదు. మధ్యలో సినిమా బ్యాక్‌గ్రౌండ్‌లా సాగింది, ముగింపు తేలిపోయింది. మొదట్లో రెండు వయొలిన్లు ఒకదాన్నొకటి తరుముకున్న చోటు మాత్రం ఇంకా చెవుల్లో ఉంది. విన్నాను కాబట్టే తిడుతున్నాను, విన్నాను కాబట్టే మెచ్చుకుంటున్నాను.

సభ సెక్రటరీ గారూ, వచ్చేసారి దాన్ని ప్రధాన కృతికి ముందు పెట్టండి. కరపత్రంలో ఆ కుర్రాడి పేరు వెయ్యండి, మొన్న అదీ లేదు. ముందురోజు సాధనకి హాలు అడిగితే తాళం దొరకలేదన్నారట. ఆ తాళమేదో ఇప్పట్నుంచే వెతికించండి.