ముట్టుకోకూడని వాయిద్యం

మా బాబాయి ఓడల మీద రేడియో ఆఫీసరుగా పనిచేసి రిటైరయ్యాడు. అప్పట్లో ఏదో రేవులో కొని, తనే బిగించుకున్న థెరిమిన్ కిట్టు ఒకటి విశాఖ మహారాణిపేట ఇంట్లో అటక మీద పడి ఉంది. ఈ మధ్య దాన్ని దింపి, బతికిస్తానని కూర్చున్నాడు. టార్చి పట్టడానికి నన్ను పిలిచాడు.

థెరిమిన్ అంటే ముట్టుకోకుండా వాయించేది. 1920 ప్రాంతంలో లెవ్ థెరిమిన్ అనే రష్యన్ కనిపెట్టాడు. లోపల రెండు ఆసిలేటర్లు, అంటే కరెంటుని అటూ ఇటూ ఊపే సర్క్యూట్లు, ఉంటాయి. ఒకటి సెకనుకు 3,00,000 సార్లు, రెండోది 3,00,440 సార్లు ఊగితే మన చెవిన పడేది ఆ తేడా 440 మాత్రమే. నిలువు కడ్డీ దగ్గరికి చెయ్యి తెస్తే శ్రుతి పైకెక్కుతుంది. పక్కనున్న వంపు కమ్మీ దగ్గరికి రెండో చెయ్యి తెస్తే శబ్దం తగ్గిపోతుంది. తర్వాత సింథసైజర్లతో పేరు మోసిన రాబర్ట్ మూగ్ కూడా మొదట్లో ఇవే అమ్మేవాడు. 1961లో ఆయన ట్రాన్సిస్టర్ కిట్టు 49.95 డాలర్లు. బాబాయిది ఆ కాలానిదే. పెట్టె మీది పేరుని మాత్రం మన ఉప్పుగాలి తినేసింది.

పాత వస్తువు విషయంలో బాబాయికి పట్టింపులెక్కువ. ఏ వైరు విప్పినా ముందు ఫొటో తీయాలి. తీసిన పార్టు పారేయకుండా చీటీ రాసి కవర్లో దాచాలి. ఇత్తడి మీద నల్లటి పొరని గీకకూడదు, అదీ చరిత్రే. ఈ ఆఖరిది పిన్నికి ఎవరూ చెప్పలేదు. తెల్లారేసరికి కడ్డీ చింతపండుతో తోమిన దీపపు సెమ్మెలా తళతళలాడుతోంది. పైన కుంకుమ బొట్టు కూడాను.

"ఆ వంపుది కూడా తోముదును, చింతపండు అయిపోయింది" అంది.

బాబాయి మాట్లాడలేదు. స్నానం చేసొచ్చి స్విచ్ వేశాడు. పెట్టె కూడా మాట్లాడలేదు. ఏళ్ల తరబడి మూలనపడితే ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్లు పాడవుతాయి కనుక ముందు వాటిని మార్చాం. ఉహూఁ. టంకాలు మళ్లీ పెట్టాం. ఉహూఁ. మీటరు చూస్తే ఓల్టేజీలన్నీ సక్రమం. నిక్షేపంలాంటి పార్టులు ఒక్కొక్కటే చీటీలు కట్టించుకుని కవర్లోకి వెళ్లిపోతున్నాయి.

సాయంత్రం పిన్ని ఆరిన బట్టలు తీస్తూ వచ్చి, వంపు కమ్మీ మీది తువ్వాలు కూడా లాగింది. అంతే, పెట్టె కెవ్వుమంది. పిన్ని బెదిరి కడ్డీ వైపు జరిగేసరికి ఇంకా పైస్థాయిలో అందుకుంది. ఆవిడా ఊరుకోలేదు.

"ఏటయిందండీ? ఎవలేడుస్తన్నారు?" గోడ అవతల నుంచి పక్క అపార్ట్‌మెంట్ వాచ్‌మన్.

విశాఖలో తువ్వాలు ఒక పట్టాన ఆరదు కదా! తడిగుడ్డ పడేసరికి కమ్మీ దాన్ని చెయ్యే అనుకుంది. పెట్టె పొద్దుటి నుంచీ బుద్ధిగా నోరు మూసుకుంది. మాకెలా కనబడలేదంటారా? మా ఇంట్లో కమ్మీ అంటూ ఉంటే దానిమీద ఏదో ఒకటి వేలాడుతూనే ఉంటుంది, కంటికి ఆనదు.

బాబాయి రిపేరు పుస్తకం తెరిచి "లోపం: తడి తువ్వాలు. కారణం: మీ పిన్ని" అని పైకి చదువుతూ రాశాడు.

పిన్ని తువ్వాలు విప్పి ఆయన ముందు పట్టుకుంది. "ఈ ఎర్రంచుది ఎవరిదండీ? పొద్దున్న తల తుడుచుకుంటూ వచ్చిందెవరండీ?"

బాబాయి కాసేపు కిటికీలోంచి సముద్రం వైపు చూశాడు. తర్వాత రాసింది కొట్టేసి, "కారణం: గాలిలో తేమ" అని రాసుకున్నాడు.