ఖరీదైన వాచీకి పెట్టే సగం డబ్బు పేరుకే, సరే. మరి మిగతా సగం?

చవక వాచీని, ఖరీదైన వాచీని పోలుస్తూ "రెండూ చూపేది ఒకే టైం, మిగతాదంతా బ్రాండ్ పేరే" అని ఒక వ్యాసకర్త రాసిన మాట సగమే నిజం. టైం కోసమే అయితే చవకైన టిస్సో లె లోకల్ వాచీ చాలు. అందులోని పవర్‌మాటిక్ 80 అనే మూవ్‌మెంట్ (వాచీని నడిపే లోపలి యంత్రం) ఒకసారి పూర్తిగా కీ ఎక్కితే 80 గంటలు నడుస్తుంది. ఖరీదైన పాటెక్ ఫిలిప్ కలట్రావా 5196 లోని 215 పీఎస్ మూవ్‌మెంట్‌ది 44 గంటలే, పైగా రోజూ చేత్తో కీ ఇవ్వాలి!

డబ్బు పోయేది మందం దగ్గర, చేతిపని దగ్గర. 215 పీఎస్ మందం 2.55 మిల్లీమీటర్లు. అందుకే వాచీ చొక్కా కఫ్ కిందికి ఇట్టే జారుతుంది. లూప్ (చిన్న భూతద్దం) పెట్టి మూవ్‌మెంట్‌లో చక్రాలను పట్టి ఉంచే పలకల, అంటే బ్రిడ్జిల, అంచులు చూడండి. ఏటవాలుగా చెక్కి మెరుగుపెట్టిన రెండు అంచులు లోపలి మూలలో కత్తిమొనలా కలిస్తే అది చేతిపని. యంత్రంలో తిరిగే కట్టర్ అక్కడ గుండ్రంగానే వదిలేస్తుంది.

అలాగని ఖరీదైనదానికి వంకలు లేకపోలేదు. 22 మిల్లీమీటర్లు కూడా లేని మూవ్‌మెంట్‌ని 37 మిల్లీమీటర్ల కేసులో పెట్టడంతో 5196లో సెకన్ల చిన్న డయల్ మధ్యకు జరిగిపోయింది. 2021లో వచ్చిన కలట్రావా 6119లో మూవ్‌మెంట్ పెద్దదయ్యాకే అది కుదురుకుంది.

పవర్‌మాటిక్ కొనేవాళ్లు ముందే ఒకటి అడగండి: ఎస్కేప్‌మెంట్ (టిక్‌టిక్‌మంటూ చక్రాలను కొద్దికొద్దిగా కదలనిచ్చే భాగం) లోహానిదా, ప్లాస్టిక్‌దా? రెండు రకాలూ ఉన్నాయి. ప్లాస్టిక్ రకాన్ని ఫ్యాక్టరీలోనే సరిచేసి పంపుతారు, వీధి చివరి మెకానిక్‌కి దాని వేగం సవరించడం కష్టం. మధ్యస్థ ధరలో నా ఓటు 72 గంటలు నడిచే ఎల్888 మూవ్‌మెంట్ ఉన్న లాంజీన్ వాచీకే. ఏది కొన్నా, 30 మీటర్ల దాకా నీటిని ఆపుతుందని రాసుంది కదా అని చేయి కడిగేటప్పుడు తడపకండి. మన ఉక్కపోతకు తోలు పట్టీ ఎలాగూ త్వరగా పాడవుతుంది.