అంకె చెప్పేది, చెప్పలేనిది

ఐసీయూ తలుపు బయట నిలబడ్డ కొడుకు చేతిలో ల్యాబ్ రిపోర్టు ఉంటుంది. ల్యాక్టేట్ ఎదురుగా 6.2 అన్న అంకె నల్లగా, లావుగా అచ్చయి ఉంటుంది. ఆ కాగితాన్ని ఫొటో తీసి, డాక్టరైన బంధువుకు వాట్సాప్‌లో పంపి, ‘నాన్న బతుకుతాడా’ అని అడుగుతాడు. 2021 కరోనా ఉద్ధృతిలో సీఆర్‌పీ, డీ-డైమర్, ఫెరిటిన్ అన్న పేర్లు ఇంటింటి మాటలైన నాటి నుంచి, రక్తపరీక్ష ఫలితాన్ని ఆయుష్షు లెక్కగా చదవడం మనకు అలవాటైపోయింది. ఆ అలవాటును మాన్పించాల్సిన బాధ్యత ఆస్పత్రులదేనని మేం భావిస్తున్నాం.

ఈ పరీక్షలు వృథా అని మేం అనడం లేదు. కణాలకు ప్రాణవాయువు చాలనప్పుడు ల్యాక్టేట్ పెరుగుతుంది కనుక, అది ముందే మోగే ప్రమాదఘంటిక. అంతర్జాతీయ నిపుణులు 2016లో ఇచ్చిన నిర్వచనం ప్రకారం, ఇన్ఫెక్షన్ ముదిరి అవయవాలు దెబ్బతిన్న రోగికి తగినన్ని ద్రవాలు ఎక్కించాక కూడా రక్తపోటు నిలబెట్టడానికి మందులు అవసరమై, ల్యాక్టేట్ లీటరుకు 2 మిల్లీమోల్స్ దాటితే అది సెప్టిక్ షాక్. అలాంటివారిలో మరణాలు 40 శాతం పైచిలుకు. ఆ లెక్కకు ఆధారమైన అధ్యయనాల్లో సగానికి పైగా రోగులు బతికారన్నది కూడా అంతే నిజం. లోపల ఉన్న తండ్రి ఆ రెండింటిలో ఎటువైపో ఏ అంకే చెప్పలేదు. పైగా మూర్ఛ (ఫిట్స్) వచ్చినా, కాలేయం దెబ్బతిన్నా, అడ్రినలిన్ ఎక్కిస్తున్నా ల్యాక్టేట్ పెరుగుతుంది.

దక్షిణ అమెరికాలోని 5 దేశాల్లో 424 మంది సెప్టిక్ షాక్ రోగులపై జరిపి 2019లో ప్రచురించిన అధ్యయనం ఇక్కడ గుర్తుచేసుకోదగ్గది. రక్తప్రసరణ ఎలా ఉందో తెలుసుకునేందుకు, వేలి కొనను 10 సెకన్లు నొక్కి వదిలితే 3 సెకన్లలో రంగు తిరిగివస్తోందా అని అరగంటకోసారి చూస్తూ కొందరికి, ల్యాక్టేట్‌ను బట్టి మిగిలినవారికి చికిత్స చేశారు. 28 రోజుల్లో మరణాలు మొదటి వర్గంలో 34.9 శాతం, రెండో వర్గంలో 43.4 శాతం. ఈ తేడా కాకతాళీయం కాదని గణాంకపరంగా తేలలేదు. కానీ పైసా ఖర్చులేని ఆ వేలి పరీక్ష తీసికట్టన్న సూచన మాత్రం ఎక్కడా కనిపించలేదు.

మరో చిక్కుంది. మరణావకాశాన్ని లెక్కగట్టే అపాచీ-2 స్కోరును 1985లో అమెరికా ఆస్పత్రుల రోగుల వివరాలతో రూపొందించారు. మన ఐసీయూల్లో పాముకాటు, పురుగుమందు, స్క్రబ్ టైఫస్, డెంగీ కేసులుంటాయి. ప్లేట్‌లెట్లు 20 వేల లోపుకు పడిపోతే, అవయవాలు ఎంత దెబ్బతిన్నాయో కొలిచే సోఫా స్కోరులో ఆ ఒక్క అంశానికే గరిష్ఠంగా 4 పాయింట్లు పడతాయి. డెంగీ వచ్చిన కుర్రవాడు అదే కౌంటు నుంచి కొద్ది రోజుల్లో తేరుకోగలడు. కనుక ఇలాంటి ఏ స్కోరునైనా మన రోగులపై సరిచూశాకే ఇక్కడ వాడాలి.

రోజుకోసారైనా డాక్టరు కుటుంబాన్ని కూర్చోబెట్టి, నిన్నటికీ ఈరోజుకూ ఏం మారిందో, దాన్నిబట్టి చికిత్సలో ఏం మార్చారో తెలుగులో చెప్పాలి. పరీక్ష వల్ల చికిత్సలో మారేదేమీ లేకపోతే, అదే పరీక్షను మళ్లీ మళ్లీ ఎందుకు రాస్తున్నారో, ఎందుకు బిల్లు వేస్తున్నారో కూడా చెప్పాలి.