డబ్బు పాస్‌బుక్కుకు, పత్తి చిన్నాయనకు

సీజన్ మొదలైతే మారతహళ్లిలోని మా ఆఫీసు క్యాంటీన్‌లో "నీకు పడ్డాయా?" అన్న ప్రశ్న వినిపిస్తుంది. తెలంగాణ ప్రభుత్వం ఎకరం లెక్కన వేసే పంట పెట్టుబడి సాయం, రైతుభరోసా గురించి అది. అడిగేవాళ్లూ, పడ్డాయని చెప్పేవాళ్లూ బెంగళూరు సాఫ్ట్‌వేర్ ఉద్యోగులే. నేనూ వాళ్లలో ఒకణ్ని. నాన్న తర్వాత మహబూబ్‌నగర్ జిల్లాలో నాలుగెకరాలు నా పేరుకు మారాయి.

2018 మేలో ఈ సాయం రైతుబంధు పేరుతో మొదలైనప్పుడు ఎకరానికి సీజన్‌కు 4,000 రూపాయలు. మరుసటి ఏడాది 5,000 అయింది. 2025 జనవరి నుంచి పేరు రైతుభరోసా, ఎకరానికి ఏడాదికి 12,000. సాగుకు పనికిరాని భూములను తీసేస్తామన్నారు, మంచిదే. భూమి పాస్‌బుక్ ఎవరిదైతే డబ్బు వాళ్లదన్న సూత్రం మాత్రం కదల్లేదు. కౌలు రైతులకూ ఇస్తామని 2023 ఎన్నికల్లో కాంగ్రెస్ ఇచ్చిన హామీ అక్కడే ఆగింది.

కేంద్రం ఏడాదికి 6,000 ఇచ్చే పీఎం కిసాన్ ఆదాయపు పన్ను కట్టేవాళ్లకు రాదు. కాబట్టి ఢిల్లీ లెక్కలో నాకు సాయం అక్కర్లేదు, హైదరాబాద్ లెక్కలో నేను రైతును.

మా పొలంలో పత్తి వేసేది ఊళ్లో ఒకాయన. చిన్నాయనా అని పిలుస్తాను. విత్తనం పెట్టకముందే కౌలు డబ్బు తెచ్చిస్తాడు. ఆ తర్వాత వాన పడకపోయినా నష్టం ఆయనదే. రైతుభరోసా పడిందని తెలిస్తే ఫోన్ చేస్తాడు: "పైసలు పడ్డయా బిడ్డా?" కౌలు కాస్త తగ్గిస్తానేమోనని ఆశ. ఒక ఏడాది తగ్గించాను. మరుసటి ఏడాది ఈఎంఐల టెన్షన్‌లో ఊరుకున్నాను. ప్రభుత్వ సాయం ఆయన దాకా వెళ్లాలంటే ఆ నెల నా జేబు బాగుండాలన్నమాట.

సాయం ఒక్కటే అయితే సర్దుకోవచ్చు. కేంద్ర ప్రభుత్వ పత్తి సంస్థ సీసీఐ కొనుగోలు కేంద్రంలో పత్తి అమ్మాలన్నా పాస్‌బుక్ కావాలి. 5 లక్షల రైతుబీమా పట్టాదారుకే. అప్పులపాలైన కౌలు రైతు ప్రాణం తీసుకుంటే ఆ ఇంటికి బీమా రాదు. గట్టు మీద అడుగు పెట్టి ఏళ్లయిన నాకు ఏమైనా అయితే మా ఇంటికి వస్తుంది.

ఈ చర్చ వచ్చినప్పుడల్లా ఐదెకరాలకో పదెకరాలకో సీలింగ్ పెట్టమంటారు. పెట్టనివ్వండి. నా నాలుగెకరాలు ఏ సీలింగ్‌కూ తగలవు.

ముందు కౌలు రైతు పేరు కాగితం మీదకు ఎక్కాలి. ఉమ్మడి రాష్ట్రంలో 2011లోనే అందుకు చట్టం వచ్చింది. భూయజమాని సంతకం లేకుండానే రుణ అర్హత కార్డు ఇవ్వొచ్చంది. తెలంగాణలో అది అటకెక్కింది. ఆంధ్రప్రదేశ్ 2019లో కొత్త చట్టం తెచ్చి 11 నెలల సాగుదారు హక్కు కార్డు ఇచ్చింది. ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ కౌలు రైతులకు దాని మీద అక్కడి రైతు భరోసా పథకం డబ్బులూ వేసింది. కానీ కార్డుకు యజమాని సంతకం కావాలంది. చిక్కంతా అక్కడే.

సంతకం పెడితే భూమి పోతుందన్న భయం మా ఇంట్లోనే ఉంది. "కౌలుకియ్యి గానీ కాగితం ఇయ్యకు" అంటుంది అమ్మ. చిన్నాయన వస్తే అన్నం పెట్టకుండా పంపని మనిషే ఆమె. నేనూ గట్టిగా వాదించలేదు. అందుకే 2011 పద్ధతే సరైనదంటాను, మాలాంటివాళ్లను సంతకం అడగకూడదు. పొలం ఎవరు దున్నుతున్నారో ఊళ్లో అందరికీ తెలుసు. పంట నమోదుకు వచ్చే వ్యవసాయ విస్తరణ అధికారి చేనులో నిలబడి మాట్లాడేది చిన్నాయనతోనే. రాసుకునేది నా పేరు.