లక్ష లూమెన్ల టార్చిని నమ్మి రాత్రి పొలానికి వెళ్ళకండి

రైతుల వాట్సాప్ గ్రూపుల్లో ఒక టార్చిలైటు ప్రచారం తెగ తిరుగుతోంది. ఫొటోలు మారతాయి, పేర్లు మారతాయి, మాటలు మాత్రం అవే: "మిలిటరీ టార్చి. 1,00,000 లూమెన్లు. 5 కిలోమీటర్ల దూరం వెలుగు. 9900 ఎంఏహెచ్ బ్యాటరీ, ఒక్క ఛార్జింగ్‌తో తెల్లవార్లూ వెలుగుతుంది. జూమ్ ఉంది, వానలో తడిసినా ఏమీ కాదు. వెలుగు పడితే పాములు పారిపోతాయి, పందులు చేను వైపు రావు. వేటకు కూడా పనికొస్తుంది." ధర ఏడెనిమిది వందలు. చదివినవాళ్ళు చదివినట్టే పది మందికి పంపిస్తున్నారు. రాత్రిపూట మోటారు వేయడానికో, వంతు నీళ్ళు కట్టుకోవడానికో, మొక్కజొన్నకు కాపలాకో వెళ్ళే మనిషికి టార్చి సరదా వస్తువు కాదు. అందుకే ఆ మెసేజ్‌లోని ఒక్కో మాటా తీసుకుని చూడాల్సి వస్తోంది.

ముందు ఆ లక్ష లూమెన్ల సంగతి. టార్చి నుంచి మొత్తంగా ఎంత వెలుగు బయటికొస్తుందో చెప్పే కొలత లూమెన్. మంచి ఎల్‌ఈడీ ఒక వాట్ కరెంటుకు సుమారు 100 నుంచి 150 లూమెన్లు ఇస్తుంది. మధ్యలో 130 అనుకుందాం. లక్ష లూమెన్లు రావాలంటే దాదాపు 770 వాట్లు కావాలి. ఒక హెచ్‌పీ అంటే 746 వాట్లు. పొలంలో ఒక హెచ్‌పీ మోటారు చేసే పనికి పట్టేంత శక్తి, అరచేతిలో ఇమిడే గొట్టంలోంచి రావాలన్నమాట. వచ్చినా ఆ వేడికి దాన్ని చేత్తో పట్టుకోలేం.

బ్యాటరీ లెక్క ఇంకా విడ్డూరం. ఎంఏహెచ్ అంటే బ్యాటరీలో ఎంత ఛార్జి పడుతుందో చెప్పే కొలత. వాళ్ళు చెప్పిన 9900 ఎంఏహెచ్ నిజమే అనుకుందాం. 3.7 వోల్టుల దగ్గర అది సుమారు 37 వాట్-అవర్లు, అంటే 37 వాట్లు లాగితే గంట వస్తుంది. 770 వాట్లు లాగితే మూడు నిమిషాలు కూడా రాదు. "లక్ష లూమెన్లు", "తెల్లవార్లూ" అన్న రెండు మాటలూ ఒకే మెసేజ్‌లో ఉన్నాయి. ఒకటి నిజమైతే రెండోది అబద్ధం కావాలి. నిజానికి రెండూ అబద్ధమే.

ఎందుకంటే ఆ 9900 కూడా లేదు. ఇలాంటి టార్చిల్లో వేసేది 18650 అనే లిథియం సెల్లు. 18 మిల్లీమీటర్ల లావు, 65 మిల్లీమీటర్ల పొడవు. ఆ సైజులో పేరున్న కంపెనీలు మామూలుగా అమ్మేవి 2500 నుంచి 3500 ఎంఏహెచ్ మధ్యే ఉంటాయి. కాస్త పెద్దదైన 21700 సెల్లులో 5000 దాకా వస్తుంది. అనుమానముంటే సెల్లు బయటికి తీసి, తెలిసిన బంగారం కొట్టులో కాటా మీద పెట్టించండి. సరైన 18650 సెల్లు 45 గ్రాములకు కాస్త అటూ ఇటూ తూగుతుంది. 30 గ్రాముల దగ్గరే ఆగిందంటే, పైన రేకు మీద ఏ అంకె అచ్చేసినా లోపల సరుకు లేదు. ఇంతకన్నా తేలికైన పరీక్ష నాకు తెలియదు. ఆ సెల్లును విడిగా జేబులో తాళాలతో, చిల్లరతో కలిపి మాత్రం వేసుకోకండి. రెండు కొసలూ కలిస్తే నిప్పంటుకోవచ్చు.

మరి తెల్లవార్లూ వెలిగే టార్చి ఉండదా అంటే, ఉంటుంది. 3000 ఎంఏహెచ్ సెల్లులో సుమారు 11 వాట్-అవర్లు ఉంటాయి. 100 లూమెన్ల దగ్గర పెట్టుకుంటే, టార్చి లోపల వృథా అయ్యేదీ కలుపుకుని ఒక వాట్ పైచిలుకు ఖర్చవుతుంది, ఎనిమిది తొమ్మిది గంటలు వస్తుంది. గట్టు మీద నడవడానికి, స్టార్టరు డబ్బా తెరిచి ఫ్యూజు చూసుకోవడానికి 100 లూమెన్లు ధారాళంగా సరిపోతాయి. అదే టార్చిని 1000 లూమెన్ల మీద పెడితే గంటకే అయిపోతుంది. ఆలోపే వేడెక్కి వెలుగు దానంతటదే తగ్గిపోతుంది కూడా. కొనేటప్పుడు అడగాల్సింది ఎక్కువలో ఎంత అని కాదు, తక్కువ మోడ్‌లో ఎన్ని లూమెన్లు, ఎన్ని గంటలు అని. ఇంకో చిక్కు ఏమిటంటే, మంచి కంపెనీలు పాటించే ఏఎన్‌ఎస్‌ఐ ఎఫ్‌ఎల్1 అనే అమెరికా టార్చిలైట్ల ప్రమాణం ప్రకారం, వెలుగు మొదట్లో ఉన్నదాంట్లో పదో వంతుకు పడిపోయేదాకా గంటలు లెక్కపెట్టొచ్చు. డబ్బా మీద ఆరు గంటలు అని ఉంటే ఆరు గంటలూ ఒకే వెలుగు ఉంటుందని కాదు.

అయిదు కిలోమీటర్ల మాటకు వద్దాం. అదే ప్రమాణం ప్రకారం టార్చి దూరం అంటే, వెలుగు పల్చబడి పల్చబడి నిండు పున్నమి వెన్నెలంత మిగిలే చోటు. ఒక చోట పడే వెలుగును కొలిచే లెక్కలో దాన్ని 0.25 లక్స్ అంటారు. ఆ చోట ఏదో ఉందని తెలుస్తుందేగానీ అది పందో పొదో చెప్పలేం. దూరం కావాలంటే చూడాల్సింది లూమెన్లు కాదు, క్యాండెలా. వెలుగు ఒకే దిక్కుకు ఎంత గుచ్చి కొడుతుందో అది చెబుతుంది. క్యాండెలా అంకె వర్గమూలాన్ని రెండుతో హెచ్చిస్తే మీటర్లలో దూరం వస్తుంది. 300 మీటర్లకు 22,500 క్యాండెలాలు చాలు. కిలోమీటరుకు 2,50,000 కావాలి. అయిదు కిలోమీటర్లకు 62,50,000! అయినా మనకెంత దూరం కావాలి? నలుచదరంగా ఉన్న అయిదెకరాల చేనుకు ఈ మూల నుంచి ఆ మూలకు 200 మీటర్లే.

జూమ్ గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. తల ముందుకూ వెనక్కూ లాగిన ప్రతిసారీ లోపలికి గాలి పీలుస్తుంది, వానలో అయితే తేమను కూడా. జూమ్ ఉన్న చవక టార్చి వానకు తట్టుకుంటుందంటే నమ్మకండి. ఐపీఎక్స్4 అంటే చిలకరింపులకు తట్టుకోవడం, ఐపీఎక్స్7 అంటే మీటరు లోతు నీళ్ళలో అరగంట ఉన్నా లోపలికి నీరు దిగకపోవడం. డబ్బా మీద ఈ గుర్తు లేకుండా "వాటర్‌ప్రూఫ్" అని మాత్రమే ఉంటే అది ఉత్త మాట.

ఇప్పటిదాకా చెప్పినవన్నీ డబ్బు నష్టం. పాములు పారిపోతాయన్న మాట మాత్రం ప్రాణాల మీదికి తెస్తుంది. 2000 నుంచి 2019 దాకా మన దేశంలో పాముకాటుతో సుమారు 12 లక్షల మంది చనిపోయారని 2020లో వచ్చిన ఒక అధ్యయనం అంచనా కట్టింది. సగటున ఏడాదికి 58 వేల మంది. ఎక్కువ మరణాలున్న ఎనిమిది రాష్ట్రాల్లో తెలంగాణతో కలిపి ఆంధ్రప్రదేశ్ ఉంది. దాదాపు సగం చావులు జూన్ నుంచి సెప్టెంబర్ మధ్యే, అంటే నాట్లు, కలుపుల కాలంలో.

పాము వెలుగు చూసి పారిపోదు. రక్తపింజరి ఎండుటాకుల్లో కలిసిపోయి కదలకుండా పడుంటుంది. మీద ఎంత వెలుగు పడ్డా అలాగే ఉంటుంది, మరీ దగ్గరికెళితే బుస కొడుతుంది. కట్లపాము రాత్రిపూటే తిరుగుతుంది. టార్చి ఉన్నది పామును తరమడానికి కాదు, మనం దాన్ని ముందే చూసి ఆగడానికి. అందుకు దూరం కొట్టే సన్నటి కిరణం ఎందుకూ పనికిరాదు. ఎదురుగా వందడుగుల అవతల తెల్లటి వలయం పడుతుంది, కాళ్ళ దగ్గర మాత్రం చీకటి. పైగా కళ్ళు ఒకసారి ఆ మిరుమిట్లకు అలవాటు పడితే మళ్ళీ చీకటికి పూర్తిగా సర్దుకోవడానికి 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది. మంచు పడే రోజుల్లో అయితే ఆ వెలుగంతా తిరిగి మన మొహానికే కొడుతుంది.

కావాల్సింది వెడల్పుగా పరుచుకునే వెలుగు. నీలం కొట్టే తెలుపు కాకుండా కాస్త పసుపు కలిసినది, వెలుగు రంగును చెప్పే కెల్విన్ అంకె 4000 నుంచి 5000 మధ్య ఉన్నది చూసుకోండి. నీలి తెలుపు కింద ఎండుగడ్డి, మట్టి, పాము ఒళ్ళు అన్నీ ఒకే బూడిద రంగులో కనిపిస్తాయి. టార్చిని నడుం కన్నా కిందికి పట్టుకుని ముందుకు చూపిస్తూ నడవండి. వెలుగు వాలుగా పడి, గట్టు మీద ప్రతి పుల్లకూ, ప్రతి గడ్డకూ నీడ లేస్తుంది. చుట్టుకుని ఉన్న పాము ఆ నీడతోనే దొరికిపోతుంది. తలకు కట్టుకునే లైటు చేతులకు ఖాళీ ఇస్తుంది కానీ, చూపు వెళ్ళే దారిలోనే వెలుగు వెళ్ళడం వల్ల నీడలు కనబడవు. పార పట్టుకుని మడవలు కట్టేవాళ్ళు తలకు ఒకటి, చేతికి ఒకటి ఉంచుకోవడం మంచిది. మోకాళ్ళ దాకా బూట్లు, చేతిలో కర్ర తప్పనిసరి. కాటు పడితే కట్లు కట్టడం, కోయడం మానేసి, విషానికి విరుగుడు ఇంజెక్షను ఉన్న ఆసుపత్రికి వెంటనే చేర్చాలి.

పందులు రావన్న మాటలో ఇంతో అంతో నిజం మొదటి రాత్రే ఉంటుంది. హఠాత్తుగా వెలుగు పడితే బెదురుతాయి. నాలుగు రాత్రులు గడిచేసరికి ఆ వెలుగు తమను ఏమీ చేయదని వాటికి తెలిసిపోతుంది. కళ్ళ మెరుపుతో దూరం నుంచే పందిని పసిగట్టొచ్చని కూడా కొందరు రాస్తున్నారు. దుప్పికీ, నక్కకూ, కుక్కకూ, ఆవుకూ కంటి వెనక వెలుగును తిప్పికొట్టే పొర ఉంటుంది, అందుకే మెరుస్తాయి. పందికి ఆ పొర లేదు. మెరుపు కనబడలేదు కదా అని ధైర్యంగా మొక్కజొన్నలోకి దిగితే, పిల్లలతో ఉన్న పంది ఎదురు తిరుగుతుంది. కుప్పం, పలమనేరు వైపు, పార్వతీపురం మన్యం వైపు ఏనుగులు తిరిగే ఊళ్ళవాళ్ళయితే ఏనుగు మొహం మీదికి అసలు టార్చి కొట్టకండి. మీదికి రావచ్చు. దూరం జరిగి అటవీ సిబ్బందికి చెప్పండి.

ఇక "వేటకు కూడా" అన్నది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం సెక్షన్ 9 కింద మన దేశంలో వన్యప్రాణుల వేట నిషేధం. ఉచ్చు పెట్టడం, ప్రయత్నించడం కూడా వేట కిందికే వస్తాయి. టార్చి వెలుగుకు బిక్కచచ్చి నిలబడే కుందేలుకూ ఆ రక్షణ ఉంది. మూడేళ్ళ దాకా జైలు పడుతుంది, చట్టం అన్నిటికన్నా ఎక్కువ రక్షణ ఇచ్చిన షెడ్యూల్ 1 జాబితాలోని జంతువైతే కనీసం మూడేళ్ళు, ఏడేళ్ళ దాకా. పంట పాడుచేసే జంతువు విషయంలోనూ అధికారుల రాతపూర్వక అనుమతి లేకుండా చంపడానికి వీల్లేదు. నా ఆందోళన ఇంకొకటి కూడా. పందుల కోసం గట్ల మీద మోకాలెత్తున కరెంటు తీగ లాగేవాళ్ళున్నారు. దానికి తగిలి పొలానికెళ్ళిన మనుషులే చనిపోతున్నారు. ఆ సన్నటి తీగ దూరం కొట్టే టార్చిలో కనబడదు, కాళ్ళ ముందు పరుచుకున్న వెలుగులో కనబడే అవకాశముంది. కనబడితే ముట్టుకోకండి, దాటకండి. వచ్చిన దారినే వెనక్కి తిరిగి, కరెంటు ఫిర్యాదుల నంబరు 1912కు ఫోన్ చేసి లైను ఆపించండి.