వెనక వరుసలో ఎవరుండాలి?

మా ఇంట్లో మూడు వారాల పాటు ఒక నిర్ణయం పెండింగులో పడింది. హాల్లో టీవీ పక్కనున్న రెండడుగుల చేపల తొట్టిలో, ఫిల్టరు పైపు కనబడకుండా వెనక అద్దం పొడుగునా ఏ మొక్క నాటాలి? అబ్బాయిని ఏ కాలేజీలో వేయాలో మేం పావుగంటలో తేల్చాం. ఫ్లాటు కొనేటప్పుడు వంటగది ఆగ్నేయంలో ఉందో లేదో చూసుకుని అడ్వాన్సు ఇచ్చేశాం. అవి చిన్న విషయాలు. ఫిల్టరు పైపు అలా కాదు, రోజూ కళ్లెదురుగా ఉంటుంది.

బాధ్యత గల పౌరుడిగా ముందు వివరాలు సేకరించాను. వడపోతలన్నీ అయ్యాక బరిలో ఇద్దరు అభ్యర్థులు మిగిలారు. ఒకరు వాలిస్నేరియా, రెండోవారు సాజిటేరియా. ఇద్దరివీ రిబ్బను ముక్కల్లాంటి పొడవాటి పచ్చటి ఆకులే. ఇద్దరూ ఒకే మొదట్లోంచి విసనకర్రలా లేస్తారు. ఇసుకలో తీగలు పాకించి పిల్లలు పెడతారు. కార్బన్ డయాక్సైడు గ్యాసు సిలిండరు అడగరు. బకెట్ అంచున తెల్లటి చార కట్టే మా బోరు నీళ్లకు కూడా ఇద్దరికీ అభ్యంతరం లేదు. ఆ నీళ్లకు మా గీజరు రెండుసార్లు చచ్చిపోయింది గానీ వాలిస్నేరియా మాత్రం అలాంటి నీళ్లలోని బైకార్బొనేటునే తిండిగా వాడుకోగలదు.

మేనిఫెస్టోల్లో అక్షరం తేడా లేనప్పుడు తెలుగువాళ్లు ఏం చేస్తారు? రెండు వర్గాలుగా చీలిపోతారు. నేను వాలిస్నేరియా వర్గం, మా అబ్బాయి సాజిటేరియా వర్గం. "ఆ పైపుకే పచ్చ రంగు వేయిస్తే పోదుటండీ?" అంది మా ఆవిడ. ఇలాంటి అతివాద ధోరణులను ఈ కాలమ్ తీవ్రంగా ఖండిస్తోంది.

నా అభిమానం పూర్తిగా సిద్ధాంతపరమైనది. ఇంటర్ బైపీసీ చదివినవాడు ప్రియురాలి పేరైనా మరచిపోతాడేమో గానీ వాలిస్నేరియాను మరచిపోడు. నీటి ద్వారా పరాగసంపర్కానికి ఉదాహరణ అడిగితే చెయ్యి దానంతట అదే రాసే పేరది. ఆడపువ్వు పొడవాటి కాడ మీద నీటి పైకి వస్తుంది. మగపువ్వులు అడుగున తెగిపోయి, పైకి తేలి, నీటి మీద కొట్టుకుంటూ వెళ్లి దాన్ని చేరతాయి. కార్యం అయ్యాక ఆడపువ్వు కాడ స్ప్రింగులా చుట్టుకుని కాయను నీళ్లలోకి లాగేసుకుంటుంది. ఇటలీ వైద్యుడు ఆంటోనియో వాలిస్నియేరి (1661–1730) పేరు మోస్తున్న ఈ మొక్కకు 1753లో వృక్షశాస్త్రవేత్త లిన్నేయస్ 'స్పైరాలిస్' అని ముద్ర వేసింది ఆ కాడ మెలిక చూసే. ఆకులు మాత్రం తిన్నగా గవర్నమెంటు స్కేలులా ఉంటాయి.

ఈ సంగతి తెలియక పేరు చూసి మోసపోయినవాళ్లలో నేనూ ఒకణ్ని. మెలికల ఆకుల కోసం ఒకప్పుడు స్పైరాలిస్ కొన్నాను. ఎప్పుడు మెలిక తిరుగుతాయా అని ఎనిమిది రోజులు స్టూలు వేసుకుని కూర్చున్నాను. మెలికల ఆకులది వేరే రకమట, దాని పేరులో స్పైరాలిస్ లేదు. అయినా ఇందులో ఆశ్చర్యపోవడానికేముంది! మా అపార్టుమెంటు పేరు 'లేక్ వ్యూ'. లేక్ ఉండేది, అపార్టుమెంటు కట్టకముందు.

అవతలి వర్గం వాదన కూడా వినాలి కదా. అమెరికా ఖండాల నుంచి వచ్చిన సాజిటేరియా సబ్యులాటాను బజార్లో 'డ్వార్ఫ్' అని అమ్ముతారు. అది ఒక తొట్టిలో నాలుగు అంగుళాల దగ్గర బుద్ధిగా ఆగిపోతుంది. ఇంకో తొట్టిలో అడుగు దాటి లేస్తుంది. వెలుతురు వల్లనో, ఎరువు వల్లనో, ఇరుకు వల్లనో ఎవరికి తోచింది వాళ్లు చెబుతారు. జీ ప్లస్ టూకి పర్మిషన్ తీసుకుని ఐదంతస్తులు లేపడం మన ఊళ్లో కొత్తేమీ కాదు గనక నేను దీన్ని తప్పు పట్టను. కానీ పైపును కప్పాల్సిన మొక్క పైపు మోకాలి దగ్గరే ఆగిపోతే రేపు చుట్టాల ముందు జవాబు చెప్పేదెవరు?

మధ్యలో జయంట్ వాలిస్నేరియా ఇండిపెండెంటుగా దిగింది. దాని ఆకు మీటరు దాటుతుంది. మా తొట్టిలో నీళ్లు పదిహేను అంగుళాలు. మిగిలిన ఆకంతా నీటి మీద చాపలా పరుచుకుంటే కింద గప్పీ చేపలకు పగలే లైట్లు వేయాలి. డిపాజిట్ గల్లంతు. ఇక కబోంబా, అంబూలియాల గొడవలోకి నన్ను లాగకండి. రెండూ ఈకల్లాంటి ఆకుల మొక్కలే. ఒకదానికి కణుపు దగ్గర రెండేసి ఆకులు ఎదురెదురుగా, కాడలతో ఉంటాయి. ఇంకోదానికి కాడల్లేకుండా కాండం చుట్టూ ఉంటాయి. ఈ తేడా పట్టుకోవడానికి మాకో భూతద్దం, అబ్బాయికో ట్యూషన్ ఖర్చయ్యాయి.

దుకాణానికి వెళ్లాం. ఒక నీలం టబ్బులో పచ్చగా ఏదో తేలుతోంది.

"బాబూ, ఇది వాలిస్నేరియానా, సాజిటేరియానా?"

"రెండూ ఒకటే సార్. తీస్కపోండి, మంచిగ పెరుగుతది. కట్ట ఎనభై."

ఇంత బాధ్యతారాహిత్యమా! చొక్కా చేయి మోచేతి పైకి మడిచి టబ్బులో చేయి పెట్టాను. ఆకు అంచును కొస నుంచి మొదలు వైపు వేలితో నిమరాలి. వాలిస్నేరియా అయితే కొస దగ్గర సన్నటి పళ్లు చర్మానికి తగిలీ తగలనట్టు గరుకుగా తెలుస్తాయి. సాజిటేరియా నున్నగా జారిపోతుంది. నేను కళ్లు మూసుకుని ఒక్కో ఆకూ నిమురుతుంటే, అబ్బాయి నేనెవరో తెలియనట్టు రంగురాళ్ల ప్యాకెట్ల దగ్గరికి నడిచాడు. టబ్బులో రెండూ కలిసే ఉన్నాయి. విడదీసి చెరో రెండు కట్టలూ కొన్నాం. తొట్టిని విభజించాం. ఎడమ భాగం నాది, కుడి భాగం వాడిది, సరిహద్దుగా ఒక నల్లరాయి. వేళ్లు మాత్రమే ఇసుకలో ఉండి, ఆకులు మొదలయ్యే తెల్లటి మొదలు పైకి ఉండాలి, అది పూడితే మొక్క కుళ్లిపోతుంది. నేను ఆరు మొక్కలు నాటేసరికి నాలుగు పైకి తేలాయి. మళ్లీ నాటితే ఐదు తేలాయి.

వారం తిరక్కుండా నా వైపు ఆకులు గాజులా పారదర్శకంగా మారి, జావలా కరిగిపోవడం మొదలైంది. దర్యాప్తు చేయిస్తే అబ్బాయి రోజూ పొద్దున్నే తొట్టి మొక్కల కోసం అమ్మే 'లిక్విడ్ కార్బన్' మూతతో కొలిచి పోస్తున్నాడని బయటపడింది. ఆ సీసాలో ఉన్నది గ్లుటరాల్డిహైడ్. ఆస్పత్రుల్లో పరికరాల మీద క్రిములను చంపడానికి వాడేది అదే, వాలిస్నేరియాకు అదంటే అస్సలు పడదు. సాజిటేరియాకు చీమ కుట్టినట్టయినా లేదు. "అన్ని మొక్కల సంక్షేమం కోసమే పోశాను నాన్నా" అన్నాడు. ఆ వాక్యం నేను చాలా ప్రెస్‌మీట్లలో విన్నాను. సీసా జప్తు చేశాను.

సరిగ్గా ఈ ఉద్రిక్తతల మధ్య కైకలూరు నుంచి మా మామయ్య వచ్చాడు. ఆయనకు చేపల చెరువులున్నాయి. తొట్టి ముందు చేతులు వెనక్కి కట్టుకుని నిలబడి, కరగగా మిగిలిన నా నాలుగు మొక్కల వైపు చూశాడు.

"ఏరా అల్లుడూ, నాచు పట్టిందేంటి?"

"నాచు కాదు మామయ్యా, వాలిస్నేరియా. కట్ట ఎనభై రూపాయలు."

మామయ్య చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత నెమ్మదిగా, పెళ్లికొడుక్కి మతి స్థిమితం లేదని పెళ్లయ్యాక తెలిసినవాడి గొంతుతో అన్నాడు: "మేం దీన్ని లాగించడానికి మనుషులకి కూలి ఇస్తున్నాం గదరా." వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగి, "గడ్డిచేప పిల్లలు రెండు పంపిస్తాను, వేసెయ్. వారంలో శుభ్రమైపోద్ది" అని భరోసా ఇచ్చాడు. మా ఆవిడ ఆయనకు ఇంకో కప్పు కాఫీ కూడా ఇచ్చింది.

నెలన్నర గడిచింది. వాలిస్నేరియా మళ్లీ చిగిర్చి తీగలు పాకించింది. సాజిటేరియా కూడా. మొదట నా తీగ ఒకటి నల్లరాయి కింద నుంచి దూరింది. ప్రతీకారంగా వాడిది రాయి చుట్టూ తిరిగి వచ్చింది. ఇప్పుడు వెనక అద్దం పొడుగునా పచ్చటి తెర. పైపు కనబడటం లేదు. ఏది ఎవరిదో కూడా కనబడటం లేదు. మా ఆవిడ ఎంతో శాంతంగా ఉంది, అదే నాకు టెన్షన్.

మొన్న ఆదివారం ఎక్కువైన మొక్కలు పీకి, తడి న్యూస్‌పేపర్లో చుట్టి అదే దుకాణానికి తీసుకెళ్లాను. అతను డబ్బులివ్వలేదు గానీ ఒక ప్యాకెట్ మేత ఇచ్చి, చుట్ట విప్పి మొత్తం ఆ నీలం టబ్బులోకే దులిపేశాడు. అంతలో కళ్లద్దాల కుర్రాడొకడు టబ్బు మీదికి వంగాడు.

"అన్నా, ఇది వాలిస్నేరియానా, సాజిటేరియానా?"

"సార్‌ని అడుగు తమ్మీ, సార్ తెచ్చిన మాలే."

నేను చొక్కా చేయి మడిచాను.